వేవిళ్ళ దినములలో ఆహారము

గర్భవతులలో నూటికి 70 మందికి పైగా తొలి మాసములలో వికారమో, డోకులో, వాంతులో కలుగుచుండును. ఇంతమందికి కలుగునది గనుకనే దీనిని గూర్చి మన యిండ్లలో ఎవ్వరును అంతగా పట్టించుకొనరు. “అందఱును పడిన బాధయే గదా! నీవొక్కతెవే చూలాలవా?” యను మాట వినని కోడలు అరుదు. ఆ మాట యనువారు కఠినాత్ములు కారు. తామును ఆ బాధనే యోర్చి పిల్లలను గన్నవారు. కాని తప్పనిసరియైన బాధ నోర్చుట వేఱు. తగ్గించుకొను మార్గముండగా ఊరక పడియుండుట వేఱు. వేవిళ్ళను పూర్తిగా మాన్పు ఆహార మేదియు లేదు గాని, చాలమందికి బాధను సగము తగ్గించు తిండి పద్ధతు లున్నవి. అవి ఆ గర్భవతి యొక్కతె వలన సాగునవి కావు. ఇంటిలోని వంటయిల్లు కూడ కొన్నివారములు ఆమె కడుపు ననుసరించి నడువవలెను. ఈ సంగతినే మేమిచ్చట వివరింపదలచితిమి.

మూడు నెలల మౌనము

కడపటి ముట్టు మొదటి దినము నుండి లెక్కించినచో వేవిళ్ళు సాధారణముగా 6 వ వారమునకు ఆరంభమగును; 9 వ వారము ప్రాంతమున మిక్కుటమగును; 12 మొదలు 16 వారముల లోపల చాలమందికి తగ్గిపోవును. కొందఱికి 20 వారముల వఱకు నుండును.

మూడవ నెల నిండువఱకు గర్భవార్తను బయట పెట్టకుండుట పలు కుటుంబముల ఆచారము. బాధ మిక్కుటముగా నుండు కాలమును, మౌనము పాటించు కాలమును ఒకటియే యగుట చూడుడు. పుట్టింటివారు అయిదవ నెలలో చలిమిడి తెచ్చునప్పటికి ఆమె యేదైనను తినగల స్థితికి వచ్చియుండును. ఏమియు తినలేని దినములలో మాత్రము వేడుకయు లేదు, పరామర్శయు లేదు. పొయ్యి యెదుట నిలిచి పోపు పెట్టుట తప్పదు. ఊరివారికి చెప్పకున్నను, వంటయింటి భారము వహించువారికైనను ముందుగా చెప్పుట మేలని మా యభిప్రాయము. తెలిసిననే గదా వారు సాయపడగలుగుట!

ఇది మనోబలహీనత కాదు

పూర్వము కొందఱు వైద్యులు సైతము దీనిని మానసిక దౌర్బల్యముగా తలచిరి. గర్భమునం దిష్టము లేనివారికే వాంతు లధికమని కూడ పలికిరి. ఇది తప్పు. మాయ నుండి పుట్టి తల్లి రక్తములో చేరు జీ.డి.ఎఫ్.15 అను నొక పదార్థము మెదడు వెనుకభాగమున వాంతికి సంబంధించిన తావును ప్రేరేపించునని 2023 డిసెంబరులో ప్రకటితమైన పరిశోధన నిరూపించినది. గర్భము ధరింపక పూర్వము ఏ స్త్రీ రక్తములో ఈ పదార్థము స్వల్పముగా నుండునో, ఆమెకు ఇది అలవాటు లేనందున బాధ హెచ్చుగా నుండును. కావున అత్తగారి కొక్కనాడును వాంతి కాకపోవచ్చును. కోడలికి గ్రుక్కెడు నీరైనను నిలువకపోవచ్చును. ఇందు ఒకరి ఓర్పు గాని, మఱియొకరి గారాబము గాని లేదు. వేవిళ్ళను బట్టి పుట్టబోవునది ఆడశిశువో మగశిశువో చెప్పజూచుటయు నమ్మదగినది కాదు.

“ఇద్దఱి తిండి తినవలె”నని ఈ దినములలో బలవంతపెట్టుట కూడ కూడదు. మూడవ నెల నిండునప్పటికి గర్భస్థ శిశువు తూకము సుమారు 15 గ్రాములు మాత్రమే. దాని పోషణకై తల్లి ఈ కాలమున హెచ్చు భోజనము చేయ నక్కఱలేదు. తిన్న కొంచెమును, త్రాగిన నీరును కడుపున నిలుచుటయే ముఖ్యము.

కడుపు ఖాళీగా నుండరాదు

అన్నిటికంటె మొదటి నియమ మిది. వికారమని తినక మానినచో కడుపు ఖాళీయై వికారము మఱింత హెచ్చును. రాత్రి పండుకొనునప్పుడే మంచము ప్రక్కన ఒక చిన్న డబ్బాలో వరిపేలాలో, మరమరాలో (రాయలసీమవారు వీనినే బొరుగు లందురు), వేయించిన అటుకులో, తీపి లేని గట్టి బిస్కత్తులో ఉంచుకొనవలెను. తెల్లవాఱి మేల్కొనగానే లేవక, పడకమీదనే ఒక గుప్పెడు మెల్లగా నమిలి, పావుగంట ఆగి, పిదప నెమ్మదిగా లేవవలెను. పరగడుపున కాఫీ త్రాగు అలవాటున్నచో ఈ కొన్నివారములైన మానుట మంచిది. పిదప త్రాగినను దినమునకు రెండు చిన్న గిన్నెలకు మించరాదు.

మూడు పూటల నిండు భోజనమునకు బదులు రెండు గంటల కొకసారి కొంచెము కొంచెముగా తినవలెను. ఒక ఇడ్లీ, సగము అరటిపండు, నాలుగు ముద్దల పెరుగన్నము, గుప్పెడు వేయించిన శనగలు - ఒక్కొక్కసారికి ఇంత చాలును. పప్పు, పాలు, పెరుగు, శనగలు, తినువారికి ఉడికించిన కోడిగ్రుడ్డు మొదలైన మాంసకృత్తులు గల ఆహారము వికారము నణచుటలో వట్టి అన్నముకంటెను, నేతివంటలకంటెను మేలు. ఉద్యోగమునకు పోవు స్త్రీలు చేతిసంచిలో మరమరాలు, శనగలు గల డబ్బా నొకదాని నుంచుకొనవలెను. రాత్రి నిద్రకు ముందు కొంచెము పాలో, శనగలో పుచ్చుకొన్నచో ఉదయపు బాధ తగ్గును.

తిండియు, నీరును ఒక్కసారిగా కడుపున పడరాదు. భోజనమునకు అరగంట ముందో, అరగంట పిదపనో నీరు త్రాగవలెను. అదియు చెంబెత్తి గటగట త్రాగక, గ్రుక్క గ్రుక్కగా త్రాగవలెను.

వాసనల సంగతి

వేవిళ్ళ స్త్రీకి ముక్కే శత్రువు. ఇంగువ పోపు, వెల్లుల్లి, మాడిన నూనె, ఎండుచేపలు, ఉడుకు అన్నపు ఆవిరి - నిన్నటివఱకు ఇంపైనవే నేడు వెగటు పుట్టించును. వేడి పదార్థమునుండి వాసన హెచ్చుగా లేచును. కావున ఆమెకు ఆహారమును చల్లార్చి పెట్టవలెను. చల్లారిన ఇడ్లీ, పోపు లేని పెరుగన్నము, పెసరపప్పు పులగము ఇట్టి సమయమున చాలమందికి సరిపడును. అయితే చల్లార్చుటయన నిలువ చేయుట కాదు. వండినది రెండు గంటలకు మించి బయట నుంచినచో చెడుటకు ఆరంభించును. గర్భవతికి అట్టిది పెట్టరాదు.

ఈ కొన్నివారములు పోపు పెట్టు పని, వేపుడు పని ఇంటిలో మఱియొకరు చేయవలెను. భార్యాభర్త లిరువురే కాపురముండు ఇండ్లలో ఆ మఱియొకరు భర్తయే. అన్నము వార్చుట, ఇడ్లీ పెట్టుట, పెసరకట్టు కాచుట నేర్వరాని విద్యలు కావు. ఎవరును లేనిచో, దినములో వికారము తక్కువగా నుండు వేళ కనిపెట్టి, కిటికీలు తెఱచి, ఒకే గిన్నెలో పూర్తియగు వంట చేసికొనవలెను.

కొన్ని పథ్యములు

పేలాల జావ: రెండు గుప్పిళ్ళ వరిపేలాలను ఊక లేకుండ చెఱిగి, రెండు గ్లాసుల నీటిలో మెత్తబడువఱకు కాచి, వడగట్టి, చిటికెడు ఉప్పును, రవంత శొంఠిపొడియు చేర్చి, చల్లార్చి, కొంచెము కొంచెముగా త్రాగవలెను. మఱేమియు నిలువని దినమున గూడ ఇది తఱచుగా నిలుచును.

పలుచని మజ్జిగ: వెన్న తీసిన మజ్జిగలో ఉప్పు, వేయించిన జీలకఱ్ఱ పొడి వేసి త్రాగవచ్చును. రాగిజావలో కలిపి పుచ్చుకొన్నచో ఆహారము కూడ నగును. కొబ్బరినీళ్ళును, పెసరకట్టును ఇట్టివే.

అల్లము: ఇది మన పెద్దలు చెప్పినదే; నేటి పరీక్షలలోను వికారమును కొంత తగ్గించునని తేలినది. దినమునకు 1 గ్రాము శొంఠిపొడి, అనగా సుమారు అర చెంచాడు, మూడు నాలుగు సార్లుగా పుచ్చుకొన్న చాలును. మితిమీఱినచో గుండెలో మంట పుట్టును. రక్తము గడ్డకట్టకుండుటకు మందు వాడువారు డాక్టరు నడుగక దీనిని పుచ్చుకొనరాదు.

పులుపు: నిమ్మరసము, ఉసిరిక, మామిడికాయ ముక్క నోటికి హితవుగా నుండును. కోసిన నిమ్మచెక్క వాసన చూచిన మాత్రమున కొందఱికి డోకు ఆగును. కారపు ఊరగాయ మాత్రము ఖాళీ కడుపున తినరాదు. వాంతియైన వెంటనే పండ్లు తోముకొనరాదు. కడుపులోని ఆమ్లము తగిలిన పండ్లు అరుగును. నీటిలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట పిదప తోముకొనవలెను.

మట్టి, సుద్ద, బలపము తినవలెనను కోరిక కొందఱికి పుట్టును. ఇది ముద్దుగా తీర్చవలసిన కోరిక కాదు. తఱచుగా ఇది రక్తహీనతకు గుర్తు. మట్టి వలన కడుపులో పురుగులును, కొన్ని తావులలో సీసపు విషమును చేరవచ్చును. అట్టి కోరిక కలిగినచో సిగ్గుపడక డాక్టరునకు చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

మాత్రల విషయము

తొలి మూడు నెలలలో ఫోలిక్ ఆమ్లపు మాత్ర మానరాదు. శిశువు వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడుటకు ఇది యవసరము. ఉదయము వికారము పుట్టించినచో రాత్రి వేసికొనవచ్చును. ఇనుపధాతువు మాత్రలు వికారమును హెచ్చించును. మన దేశమున ప్రభుత్వ వైద్యవిధానము ప్రకారము అవి సాధారణముగా నాలుగవ నెల నుండి ఆరంభింపబడును. ముందుగానే ఇచ్చియుండి, అవి పడనిచో డాక్టరుతో చెప్పవలెను.

వాంతికి మందు వాడుటలో రెండు పొరపాట్లు గలవు. ఒకటి, అంగడిలో నడిగి ఏదో యొక మాత్ర మ్రింగుట. 1957 లో పశ్చిమ జర్మనీ అంగళ్ళలో విక్రయమునకు వచ్చిన థాలిడోమైడ్ అను మందును గర్భవతులు వేవిళ్ళకు గూడ వాడిరి. కాళ్ళు చేతులు సరిగా నేర్పడని శిశువులు పుట్టసాగిరి. 1961 నవంబరులో దాని నచ్చట ఉపసంహరించు నాటికి పలు దేశములలో వేలకొలది కుటుంబములు దుఃఖము పాలయ్యెను. రెండవ పొరపాటు, ఈ భయముచేత ఏ మందును పుచ్చుకొననని మొండికెత్తుట. డాక్సిలమీన్, బి6 విటమిను కలిసిన మాత్ర లక్షలమంది గర్భవతులు వాడినది. శిశువునకు హాని చేయునను ఋజువు లేదు. వ్యాజ్యముల తాకిడికి తయారుచేయువారు 1983 లో అమెరికాలో దీని విక్రయము మానిరి; 2013 లో అచ్చటి ప్రభుత్వ సంస్థ దాని నట్టి మందుగానే మరల అనుమతించినది. ఆహారముతో లొంగని వేవిళ్ళకు డాక్టరు వ్రాసి యిచ్చిన మందు పుచ్చుకొనుట తప్పు కాదు.

ఇది వేవిళ్ళు కాదు, వ్యాధి

నూటికి ఒకరిద్దఱికి వాంతులు హద్దు మీఱును. అప్పుడు ఇంటి పథ్యములతో కాలము గడపరాదు. ఈ గుర్తులు ఇంటివా రందఱును ఎఱిగి యుండవలెను. ఒక పగలు, ఒక రాత్రి నీరైనను నిలువకుండుట, ఎనిమిది గంటలసేపు మూత్రము రాకుండుట, లేదా మిక్కిలి చిక్కని రంగున వచ్చుట, నిలుచుండగానే కన్నులు తిరుగుట, వాంతిలో రక్తము, జ్వరమో, కడుపునొప్పియో తోడగుట, గర్భమునకు ముందున్న తూకములో నూటికి 5 వంతులు, అనగా 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు, తగ్గుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను నాడే ఆసుపత్రికి తీసికొని పోవలెను. తొమ్మిదవ వారము వఱకు ఏ బాధయు లేక, పిదప క్రొత్తగా వాంతు లారంభించినచో కారణము వేఱై యుండవచ్చును, పరీక్ష చేయించవలెను.

ఇచ్చట నొక ముఖ్య విషయము. రోగి నీరసించినంతనే “ఒక గ్లూకోజు సీసా ఎక్కించుడు” అని కోరుట మనవారి అలవాటు. రెండు మూడు వారములు వరుసగా వాంతులైన స్త్రీ శరీరములో బి1 విటమిను హరించిపోవును. ఆ స్థితిలో బి1 ఇయ్యక గ్లూకోజు నెక్కించినచో మెదడునకు తీరని హాని కలుగవచ్చును. పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లబియ్యమే ఆధారముగా బ్రతికిన వారికి బెరిబెరి వ్యాధిని తెచ్చినది ఈ విటమిను లోపమే. కావున ఎన్ని దినములుగా వాంతులగుచున్నవో, ఏమి నిలుచుచున్నదో డాక్టరునకు తప్పక చెప్పి, బి1 ఇచ్చుచున్నారా యని యడుగుట బంధువుల విధి. అట్లడుగుట అమర్యాద కాదు.

సోదరీమణులారా! మీలో అత్తగార్లున్నారు, తల్లులున్నారు, తోడికోడండ్రున్నారు. మీ యింట నెల తప్పిన పిల్ల పళ్ళెము ముందు కూర్చుండి లేచిపోయినచో, ఎందుకు తినలేదని గద్దింపవద్దు. ఏమి తినగలవని యడుగుడు. నిన్న నిలిచినది నేడు నిలువకపోవచ్చును. నేడు మరల నడుగుడు. ఆమె కడుపున నిలిచినదే ఆమెకు పథ్యము. ఇట్లు పట్టుమని పది వారములు ఓపిక పట్టినచో చాలు, చలిమిడి నాటికి ఆ పిల్ల తానే వచ్చి మీ ప్రక్కన కూర్చుండి కడుపార భుజించును.