ఆ పాపంలో ఎవరి పాలెంత?

1998 వేసవిలో అమెరికా దేశపు చూపంతా ఇద్దరు బేస్‌బాల్ ఆటగాళ్ళ మీదనే నిలిచింది. ఒకరు మార్క్ మెగ్వైర్. మరొకరు శామీ సోసా. బంతిని మైదానపు గోడ దాటించి కొట్టే దెబ్బను ఆ ఆటలో 'హోమ్ రన్' అంటారు. మన క్రికెట్‌లో సిక్సరు వంటిదన్న మాట. ఒకే సీజనులో 61 హోమ్ రన్లు కొట్టి 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన రికార్డు 37 ఏళ్ళు చెక్కు చెదరలేదు. ఆ ఏడు సోసా 66, మెగ్వైర్ 70 కొట్టారు.

ఆ సంబరాల నడుమనే ఒక విలేఖరికి మెగ్వైర్ లాకరులో మందు సీసా ఒకటి కనిపించింది. అందులోనిది ఆండ్రోస్టీన్‌డయోన్. శరీరంలో పురుష హార్మోనుగా మారే ఆ పదార్థం ఒలింపిక్ క్రీడలలో నిషిద్ధం. బేస్‌బాల్‌లో నాటికి నిషిద్ధం కాదు. చిత్రమేమంటే, పలువురి ఆగ్రహం సీసా మీదికి గాక, దాన్ని చూచిన విలేఖరి మీదికి మళ్ళింది!

ఎందుకు మళ్ళింది? 1994లో ఆటగాళ్ళ సమ్మె వల్ల ఆ ఏటి 'వరల్డ్ సిరీస్' పోటీలే రద్దయ్యాయి. అలిగి దూరమైన ప్రేక్షకులను మళ్ళీ మైదానాలకు రప్పించినది ఆ హోమ్ రన్ల జడివానే. కాసులు కురిసే వేళ మబ్బు ఎక్కడిదని ఎవరడుగుతారు?

స్టెరాయిడ్లు పురుష హార్మోనును పోలిన కృత్రిమ రసాయనాలు. వాటిని వాడుతూ వ్యాయామం చేస్తే కండలు త్వరగా పెరుగుతాయి. అలసిన దేహం త్వరగా కోలుకొంటుంది. ప్రతిగా గుండెకూ కాలేయానికీ చేటు. వాడుతున్నప్పుడు ఉద్రేకం, మానినప్పుడు తీవ్రమైన క్రుంగుబాటు కలుగవచ్చు.

నిషేధం మొదట లేకపోలేదు. చట్టవిరుద్ధమైన మందులలో స్టెరాయిడ్లు కూడా చేరుతాయని 1991లోనే నాటి కమిషనర్ ఫే విన్సెంట్ జట్లన్నిటికీ లేఖ పంపాడు. కాని పరీక్షలు లేవు. అవి ఆటగాళ్ళ స్వేచ్ఛకు భంగమని వారి సంఘం వాదించింది. జట్ల యజమానులూ పట్టుబట్టలేదు. కంచె చేను మేసిందనలేము గాని, చేను మేస్తూంటే కంచె కళ్ళు మూసికొన్నది. 2003లో పేర్లు వెల్లడించకుండా జరిపిన పరీక్షలలో నూటికి 5కు మించి దోషం బయటపడిన తరువాతనే, 2004 నుంచి శిక్షలతో కూడిన పరీక్షలు మొదలైనాయి.

2005 మార్చిలో అమెరికన్ కాంగ్రెసు సంఘం ముందు బేస్‌బాల్ ఆడే కుమారులను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు నిలిచారు. తమ బిడ్డల ఆత్మహత్యలకు స్టెరాయిడ్లే కారణమని వారు విలపించారు. అదే రోజున మెగ్వైర్, గతాన్ని గురించి మాట్లాడడానికి తాను రాలేదన్నాడు. తాను స్టెరాయిడ్లు వాడిన మాట 2010లో గాని ఒప్పుకోలేదు.

మాజీ సెనేటర్ జార్జి మిచెల్ 2007 డిసెంబరులో సమర్పించిన 409 పుటల నివేదిక 80కి పైగా ఆటగాళ్ళ పేర్లు బయటపెట్టింది. అయితే కమిషనర్లు, జట్ల అధికారులు, ఆటగాళ్ళ సంఘం, ఆటగాళ్ళు, అందరూ ఈ బాధ్యతలో పాలివారేనని కూడా తేల్చింది.

మరి ఫలితం అందరికీ పంచబడిందా? ఆ కాలమంతా ఆటకు పెద్దగా వ్యవహరించిన బడ్ సీలిగ్ 2017లో 'హాల్ ఆఫ్ ఫేమ్' అనే కీర్తి మందిరంలో ప్రవేశించాడు. కఠినమైన పరీక్షలు చివరకు అతని హయాములోనే వచ్చాయన్నది నిజమే. కాని 2001లో 73 హోమ్ రన్లతో రికార్డు సృష్టించిన బారీ బాండ్స్, తెలిసి ఏ మందూ వాడలేదని చెప్పుకొన్నా, 2022లో విలేఖరుల ఆఖరి ఓటింగులో 66 శాతమే పొంది వెలుపలనే ఉండిపోయాడు. కావలసినది 75 శాతం.

మందు పుచ్చుకొన్న చేయి నేరం చేసినదే. అందులో సందేహం లేదు. కాని చూడవలసిన కన్ను చూడకపోవడం కూడా నేరమే. ఈ రెంటికీ నడుమ నలిగిపోయినవాడు ఇంకొకడున్నాడు: ఏ మందూ ముట్టక, నిజాయితీగా ఆడి, కండలు పెంచిన మరొకడికి తన స్థానం వదలుకొన్న ఆటగాడు. అతని పేరు ఏ నివేదికలోనూ లేదు, ఏ మందిరంలోనూ లేదు. బాధ్యులెవరని అడిగేవారు ముందుగా అతనికి జవాబు చెప్పవలసి ఉన్నది.