గల్ఫ్ నావిగేటర్‌కు కరీంనగర్ దారి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు తెచ్చే సామాన్లు కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. ఒకప్పుడు టూ-ఇన్-వన్, తర్వాత వీసీఆర్, ఆ తర్వాత ఫోన్లు. ఆ సంచిలో దుబాయ్‌లో ఎవరో వాడి అమ్మేసిన కారు నావిగేషన్ సెట్ ఒకటి ఉందనుకుందాం. దాన్ని కరీంనగర్‌లో కారుకు బిగించి ఆన్ చేస్తే కాసేపటికి ఉపగ్రహాలు దొరుకుతాయి. 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.1 డిగ్రీల తూర్పు రేఖాంశం అని అంకెలు సరిగ్గానే వస్తాయి. మ్యాపు మాత్రం రాదు. ఖాళీ తెర మధ్యలో ఒక బాణం గుర్తు, అంతే. చూసినవాళ్లు సెట్ పాడైందంటారు. నిజానికి అందులో ఏదీ పాడవలేదు. ఈ యంత్రంలో ఆకాశాన్ని వినే భాగం ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. నేలను చూపే భాగం, ఆ నేలను ఎవరో కొలిచి, రాసి, ఎప్పటికప్పుడు దిద్దుతున్న చోటే పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్ సెట్‌ను ఇక్కడ నడిపించాలంటే పడే శ్రమలో ఎక్కువ పాలు రెండో భాగానిదే కనుక, సెట్ ధర కట్టేటప్పుడు కూడా ఆ భాగాన్నే చూడాలని నా వాదన.

ఈ యంత్రం పుట్టుకే అందుకు మొదటి సాక్ష్యం. 1981లో హోండా జపాన్‌లో అమ్మిన ఎలక్ట్రో గైరోకేటర్‌కు ఉపగ్రహాలతో పనే లేదు. హీలియం వాయువుతో నడిచే గైరో ఒకటి కారు మలుపులను పసిగట్టేది, చక్రాల తిరుగుడును బట్టి దూరం తెలిసేది, పారదర్శకమైన మ్యాపు షీటు వెనక వెలుగుచుక్క కదిలేది. 1985లో అమెరికాలో వచ్చిన ఈటాక్ నావిగేటర్ మ్యాపులను క్యాసెట్లలో పెట్టింది. మజ్దా యూనోస్ కాస్మో కారులో జీపీఎస్ నావిగేషన్ వచ్చింది 1990లో. అంటే ముందు మ్యాపు, తర్వాతే ఉపగ్రహం. 1983లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చాక జీపీఎస్‌ను పౌరులకూ ఇస్తామని అమెరికా ప్రకటించింది. పౌరులకిచ్చే సంకేతంలో కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో తీసేసింది. దాంతో వంద మీటర్ల దాకా ఉండే తేడా పదీ ఇరవై మీటర్లలోపుకు దిగింది. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతాన్ని సెట్ వింటుందే తప్ప తాను ఏదీ పంపదు. గల్ఫ్‌లో మామూలుగా దొరికే తురయా శాటిలైట్ ఫోన్‌ను అనుమతి లేకుండా ఇండియాకు తెస్తే విమానాశ్రయంలోనే కేసవుతుంది, ఎందుకంటే అది ప్రసారం చేస్తుంది. వినడం మాత్రమే తెలిసిన నావిగేషన్ సెట్‌కు ఆ చిక్కు లేదు.

ఆకాశం వైపు ఇబ్బందులు అసలే లేవని కాదు, ఉన్నవి చిన్నవి. చివరిసారి ఆఫ్ చేసినప్పుడు తాను దుబాయ్‌లో ఉన్నట్టు సెట్‌కు గుర్తు. రెండున్నర వేల కిలోమీటర్ల అవతల లేచినా అక్కడి నెత్తిమీద ఉండాల్సిన ఉపగ్రహాల కోసమే వెతుకుతుంది. ఏ ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడ ఉంటుందో చెప్పే పట్టిక మొత్తం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి, ఆరుబయట కారు ఆపి అరగంట ఓపిక పడితే చాలు. పాత సెట్ తేదీని ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తే అదీ జబ్బు కాదు. జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా తిరిగింది. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేర్ తేదీ తప్పుతుంది. జపాన్ సెట్లయితే రేడియో కూడా ఒక సమస్య. అక్కడి ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై పాత సెట్లలో 90తో ఆగిపోతుంది, మన స్టేషన్లు ఎక్కువగా ఆ పైన ఉంటాయి. కారు 12 వోల్టులు, లారీ 24. ఈ తేడా మరిచి లారీకి కలిపితే మాత్రం సెట్ నిజంగానే పాడవుతుంది.

ఇక నేల సంగతి. ఉత్తర తెలంగాణకు నేల కొలతతో రెండు వందల ఏళ్ల సంబంధం ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే 78వ రేఖాంశం పక్కనే ఉత్తరానికి సాగింది. ఆయనకు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో పడిపోయాడు. లాంబ్టన్ 1823లో హైదరాబాదు నుంచి నాగపూర్ పోతూ, ఆదిలాబాద్‌కు ఉత్తరాన, పెన్‌గంగ దాటాక వచ్చే హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. వాళ్ల కొలతల మీద నిలిచిన ఎవరెస్ట్ గోళాభం అనే భూమి ఆకారపు లెక్క ప్రకారం వేసిన పాత మ్యాపులకూ, జీపీఎస్ వాడే ప్రపంచ లెక్కకూ మధ్య మన దగ్గర వంద మీటర్లకు మించి తేడా రావచ్చు. అక్షాంశ రేఖాంశాల అంకెలు కూడా ఎవరి కొలతబద్దతో కొలిచారన్న దాన్ని బట్టే ఉంటాయన్నమాట. పైగా మన దేశంలో వివరమైన మ్యాపులు చాలాకాలం రక్షణశాఖ ఆంక్షల కింద ఉన్నాయి. 2005 జాతీయ మ్యాపు విధానం వాటిని రక్షణకు ఒక వరుస, ప్రజలకు ఒక వరుసగా విడదీసింది. 2021 ఫిబ్రవరిలో గానీ భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపులు తయారుచేసే స్వేచ్ఛ రాలేదు. ఢిల్లీ సంస్థ మ్యాప్‌మైఇండియా, హైదరాబాదులో శాట్‌గైడ్ తెచ్చిన శాట్‌నావ్ ఇక్కడి దారులను విడిగా సేకరించుకోవాల్సి వచ్చింది అందుకే. దుబాయ్‌లో అమ్మిన సెట్‌లో సాధారణంగా గల్ఫ్ వైపు మ్యాపే ఉంటుంది. చాలా కంపెనీలు మ్యాపును ఒక్కో సెట్ నంబరుకు తాళం వేసి అమ్ముతాయి గనుక, పక్కవాడి మెమరీ కార్డు పెట్టినా తెరుచుకోదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం కదా, అది ఎక్కించుకోవచ్చు కదా అంటారు కొందరు. ఇది గట్టి అభ్యంతరమే. గార్మిన్ సెట్లకు సరిపోయేలా ఆ మ్యాపును మార్చి పెట్టేవాళ్లున్నారు. విండోస్ సీఈ మీద నడిచే సెట్లలో వేరే నావిగేషన్ ప్రోగ్రామును కార్డు నుంచి నడపవచ్చు. కారు తయారీదారు డ్యాష్‌బోర్డులోనే కలిపి ఇచ్చిన జపాన్ సెట్లలో ఈ వీలు సాధారణంగా ఉండదు, అవి మన చేతికి లొంగవు. అయితే మ్యాపు ఎక్కడంతో పని అయిపోదు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు విడిపోయాయి. అంతకుముందే ఏడో నంబరు జాతీయ రహదారి 44 అయింది, నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా జగ్దల్‌పూర్ పోయే పదహారో నంబరు 63 అయింది. మధ్య మానేరు జలాశయంలో మునిగిన రుద్రవరం, అనుపురం పాత మ్యాపులో ఇంకా పొడినేల మీదే ఉంటాయి. గోదావరిఖని చుట్టుపక్కల సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన కొద్దీ రోడ్లే పక్కకు జరుగుతాయి. ఇక వెతకడం. ఈ సెట్లు వీధి పేరు, ఇంటి నంబరు అడుగుతాయి. కరీంనగర్‌లో దారి చెప్పేది కమాన్, టవర్ సర్కిల్, గీతాభవన్ చౌరస్తా అనే గుర్తులతో. ఎవరో ఒకరు ఆ గుర్తులను మ్యాపులోకి ఎక్కించి ఉండకపోతే ఉపగ్రహాలన్నీ దొరికినా మంకమ్మతోటలో ఒక ఇల్లు దొరకదు.

ఫోనుండగా ఇదంతా ఎందుకన్నది మరో మాట. కరీంనగర్ పట్నంలో తిరిగేవాళ్లకు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం, వాళ్లు ఈ సెట్ కోసం రూపాయి పెట్టనక్కర్లేదు. కానీ ఫోన్ గెలిచింది దాని జీపీఎస్ మెరుగని కాదు, దాని మ్యాపును ఎక్కడో రోజూ దిద్దుతున్నారు కనుక. అది నా వాదనను బలపరిచేదే. కవ్వాల్ అడవి పక్కన, తిర్యాణి వైపు, సెల్ సిగ్నల్ జారిపోయే చోట, మ్యాపు ముందే దించుకోని ఫోన్ కూడా మన గల్ఫ్ డబ్బాలాగే ఖాళీ తెర చూపిస్తుంది. చక్రాల వేగం తీగ, గైరో ఉన్న డ్యాష్‌బోర్డు సెట్ అయితే చెట్ల గుబురులో ఉపగ్రహాలు తప్పిపోయినా కాసేపు లెక్క తప్పకుండా నడుస్తుంది. కొత్త కారుకు మార్చినప్పుడు కొన్ని కిలోమీటర్లు నడిపి ఆ లెక్కను మళ్లీ సరిచేయాలి. కాబట్టి కొనేవాళ్లు అమ్మకందారును ఉపగ్రహాలు దొరుకుతాయా అని అడగడం వృథా, అవి దొరుకుతాయి. మ్యాపు మార్చుకోనిస్తుందా, మార్చే ఫైలు ఎక్కడ దొరుకుతుంది, అది ఏ సంవత్సరానిది అన్నవి అడగాలి. మార్చుకోనివ్వని సెట్‌ను కారు స్టీరియో ధరకే తీసుకోవాలి, జపాన్‌దైతే అందులోనూ రేడియో ధర తగ్గించుకుని.