ఎక్కేముందే... దిగే దారి!

వాట్సాప్ గ్రూపులో హోంవర్కు, ఈమెయిల్లో ప్రశ్నపత్రం, ఎక్సెల్ షీటులో మార్కులు, డైరీలో టీచరమ్మ రాసిన చీటీ... ఒక్క పిల్లాడి చదువు నాలుగు చోట్ల! ఈ గోలనంతా ఒక్కచోటికి చేర్చేదే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పొట్టిగా ఎల్‌ఎంఎస్. ఏది కొనాలన్నది బడి యాజమాన్యం తేల్చుకునేదే అయినా, అందులోకి వెళ్లేది మన పిల్లల వివరాలు. అందుకే ఆ ఎంపిక గురించి తల్లిదండ్రులకూ కాస్త తెలిసుండాలి.

ముందుగా ఒక సంగతి. ఫీజు గడువు గుర్తుచేసే యాప్, బస్సు ఎక్కడుందో చూపించే యాప్ మీ పిల్లల బడికి ఇప్పటికే ఉండొచ్చు. అది ఎల్‌ఎంఎస్ కాదు, ఆఫీసు పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్. టీచరు పాఠం పెట్టడం, పిల్లలు జవాబు రాసి పంపడం, టీచరు దిద్ది తిప్పి పంపడం, ఎవరు ఏ పాఠంలో వెనకబడ్డారో కనిపించడం... ఇదీ ఎల్‌ఎంఎస్ పని. అమ్మడానికి వచ్చేవాళ్లు రెండింటినీ కలిపి ఒకే పేరుతో చూపిస్తుంటారు. తికమక అక్కడే మొదలు.

డెమోలో ఏదైనా అందంగానే ఉంటుంది. రంగురంగుల గ్రాఫులు, గంట కొట్టినట్టు వచ్చే మెసేజులు! అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆ తెరమీద కనిపించదు. 'రేపు మేం మానేస్తే... లేదా మీరే మూసేస్తే, పిల్లల మార్కులు, టీచర్లు తయారుచేసుకున్న పాఠాలు మా చేతికి ఎలా వస్తాయి?'

ఎడ్మోడో ఏమైంది?

ఇది లేనిపోని భయం కాదు. 2008లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో, బడుల్లో పనిచేస్తున్న నిక్ బోర్గ్, జెఫ్ ఒహారా కలిసి ఎడ్మోడోను మొదలుపెట్టారు. చూడ్డానికి ఫేస్‌బుక్‌లా ఉండేది. పైగా ఉచితం. దేశదేశాల్లో కోట్లమంది టీచర్లూ విద్యార్థులూ చేరిపోయారు. 2017లో 7.7 కోట్ల ఖాతాల వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2018లో చైనా కంపెనీ నెట్‌డ్రాగన్ దాన్ని కొనుక్కుంది. 2022 ఆగస్టులో 'మూసేస్తున్నాం' అని ప్రకటించారు, సెప్టెంబరు 22న మూసేశారు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ప్రశ్నలూ పాఠాలూ టీచర్లు ఆలోపే దింపుకోవాలి!

కథ అక్కడితోనూ ఆగలేదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు సేకరించి ప్రకటనలకు వాడుకుందన్న ఆరోపణపై, 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎడ్మోడోకు 60 లక్షల డాలర్ల జరిమానా పడేలా చేసింది. అనుమతి తీసుకునే బాధ్యతను బడుల నెత్తిన పెట్టేసిందన్నది మరో అభియోగం. ఉచితం కదా అని చేరిన టీచరుకి ఇదంతా ఏం తెలుస్తుంది, పాపం!

మన దగ్గర చూస్తే, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అవి పాఠాలే తప్ప ఎల్‌ఎంఎస్ కాదు. కానీ బడి ఉన్నన్నాళ్లూ కంపెనీ ఉంటుందన్న నమ్మకం ఎక్కడా లేదు.

ఉచితానికీ ఖర్చుంది

2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ వాడటం తేలిక. ఫోన్ తెలిసిన టీచరు ఒక పూటలో నేర్చేసుకోవచ్చు. చిన్న బడికి అది తప్పు ఎంపికేమీ కాదు. అయితే షరతులు గూగుల్ చేతిలో ఉంటాయి. బడులకు అప్పటిదాకా ఇచ్చిన హద్దుల్లేని స్టోరేజీని తీసేస్తున్నట్టు 2021లో చెప్పింది. సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లన్న లెక్క 2022 జులై నుంచి మొదలైంది.

మూడుల్‌ది మరో దారి. దాన్ని తయారుచేసిన మార్టిన్ డూజియామస్ చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో, రేడియోలో వచ్చే పాఠాలు విని చదువుకున్నాడు! 2002లో తొలి వెర్షన్ విడుదల చేశాడు. ఎవరైనా ఉచితంగా తీసుకుని సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. ఒక కోర్సు మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని మరో మూడుల్ సర్వర్లో తెరుచుకోవచ్చు. ఇబ్బందల్లా సర్వర్ అద్దె, దాన్ని చూసుకునే మనిషి. కంప్యూటర్ సార్ ఉద్యోగం మానేస్తే పాస్‌వర్డు కూడా ఆయనతోనే వెళ్లిపోయే బడులకు మూడుల్ కష్టమే.

రెండో తరగతి వేరు, పదో తరగతి వేరు

రెండో తరగతి పాప పేరుతో లాగిన్ అయ్యేది వాళ్లమ్మ. టైపు చేసేదీ అమ్మే! ఆ వయసుకి బొమ్మ గీసి ఫొటో పంపడం, పద్యం అప్పజెప్పి రికార్డు చేయడం చాలు. సీసా లాంటివి అందుకోసమే వచ్చాయి. పదో తరగతికి మాత్రం ప్రశ్నల బ్యాంకు కావాలి, పాఠాలవారీగా మార్కులు కావాలి. రెండింటికీ ఒకటే తీసుకుంటే సాధారణంగా నష్టపోయేది చిన్నవాళ్లే. ఇక నాన్న రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తే కానీ ఫోన్ దొరకని ఇళ్లెన్నో. సాయంత్రం ఆరింటికల్లా పంపాలన్న గడువు అక్కడ పనిచేయదు.

తెలుగు మాస్టారి బాధ ఇంకోటి. అను ఫాంట్లలో టైప్ చేసి దాచుకున్న పాత ప్రశ్నపత్రాన్ని ఎల్‌ఎంఎస్‌లో అతికిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి. డెమోలో అన్నీ ఇంగ్లిష్ పాఠాలే చూపిస్తారు కాబట్టి ఈ సంగతి కొన్నాక కానీ బయటపడదు.

చట్టం సంగతీ చూడాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్లను గురిచూసి ప్రకటనలు ఇవ్వకూడదు. దశలవారీగా అమలయ్యేలా నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. చదువు, భద్రత అవసరాల కోసం బడులకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆ పేరుతో కంపెనీ ఏమేం తీసుకుంటోందో ఒప్పందం చూసి అడగొచ్చు.

కొనేముందు ఒక సెక్షన్లో, ఒక టీచరుతో, నిజమైన పాఠాలతో రెండు వారాలు వాడి చూడటం మేలు. ల్యాప్‌టాప్‌లో కాదు, మామూలు ఫోన్లో. చివరిరోజు సేల్స్‌మన్‌ను కూర్చోబెట్టి, 'ఈ రెండు వారాల మార్కులు, జవాబులు, పాఠాలు అన్నీ ఇప్పుడే మా పెన్‌డ్రైవులో వేసివ్వండి' అనాలి. ఆ ఫైళ్లు బడి ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకుంటేనే, ధర మాట్లాడొచ్చు.