పన్ను కట్టం, ఊరే వదిలేస్తాం: బస్తాకియా కథ

మీనా బజార్‌లో ఏం కొన్నా బిల్లు కింద 5 శాతం వ్యాట్ కనిపిస్తుంది. 2018 జనవరి 1న మొదలైంది ఈ పన్ను. మనం పెద్దగా పట్టించుకోం. కానీ అక్కణ్నుంచి కాస్త నడిస్తే వచ్చే బస్తాకియా, అంటే ఇప్పటి అల్ ఫహీదీ, పుట్టిందే పన్నుల బాధ పడలేక వచ్చేసినవాళ్ళ వల్ల. ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన ఆ సంగతి ఇక్కడ కొంచెం నెమ్మదిగా చూద్దాం.

పన్ను మీద తిరుగుబాటు అనగానే 1773లో బోస్టన్ వాళ్ళు టీ పెట్టెల్ని నీళ్ళలో పడేయడం గుర్తొస్తుంది. తమ మనిషి ఒక్కడూ లేని లండన్ పార్లమెంటు వేసిన పన్ను మేమెందుకు కట్టాలన్నది వాళ్ళ ప్రశ్న.

గల్ఫ్‌కి అవతలి ఒడ్డున, ఇరాన్‌లోని లింగే రేవు వ్యాపారులకీ అలాంటి చిక్కే వచ్చింది. 1887 దాకా ఆ రేవు ఖాసిమీ అరబ్ షేకుల చేతిలో ఉండేది. తర్వాత దూరాన ఉన్న టెహ్రాన్ ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1900 ప్రాంతం నుంచి బెల్జియం అధికారుల్ని పెట్టి సుంకాలు గట్టిగా వసూలు చేయించింది. అదే సమయంలో దుబాయ్ పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ ఇక్కడ సుంకం ఎత్తేశారు. వచ్చినవాళ్ళకి క్రీక్ పక్కన స్థలం ఇచ్చారు. వ్యాపారులు పోట్లాడలేదు, సరుకుతో సహా పడవెక్కారు. వాళ్ళలో చాలామందిది బస్తక్ ప్రాంతం, అందుకే ఆ పేటకి ఆ పేరు. ఎండని తట్టుకునే గాలి గోపురాల ఇళ్ళు వాళ్ళతో వచ్చినవే.

ఇదే పని మనవాళ్ళూ చేశారు. చీరాల, పేరాలని కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసేసరికి పన్నులు విపరీతంగా పెరిగాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. దుగ్గిరాల జైలుకెళ్ళారు, చేతిలో డబ్బు అయిపోయింది, చివరికి వెనక్కి రాక తప్పలేదు.

తేడా ఎక్కడుందంటే, లింగే వాళ్ళకి అవతలి ఒడ్డున రమ్మనే రేవు ఉంది. చీరాల వాళ్ళకి లేదు.

అయితే లింగే వాళ్ళూ ఉండిపోదామని రాలేదు. సుంకాలు తగ్గగానే వెళ్ళిపోదామనుకున్నారు. తగ్గలేదు. ఏళ్ళు గడిచాక కుటుంబాల్నీ ఇక్కడికే తెచ్చుకున్నారు. 'రెండేళ్ళు చేసి వెళ్ళిపోదాం' అనుకుని దిగిన మనకి ఆ మాట కొత్తేం కాదు కదా?