గోడమీది బొమ్మ – గోడక్రింది నేల

గోడకు రంగులు దిద్దడం మనకు క్రొత్త విద్య కాదు. అరుగుకు ఎఱ్ఱమన్ను అలికి, సున్నపు చారలు తీర్చి, వాకిట ముగ్గు పెట్టిన ఇల్లాలే మన తొలి వీధి చిత్రకారిణి. ఆమె ముగ్గు ప్రొద్దు వాలేసరికి చెరిగిపోతుంది. తెల్లవారేసరికి మళ్ళీ వెలుస్తుంది. ఆ ముగ్గు అందం చూచి ఇంటి అద్దె పెంచిన యజమాని ఎక్కడా కానరాడు. నేటి నగరాలలోని గోడచిత్రాల సంగతి అట్లా కాదు.

హైదరాబాదులో హుసేన్ సాగర్ చెంత ఎం.ఎస్. మక్తా అనే పేట ఉన్నది. ఇరుకు సందులు, చిన్న ఇండ్లు, రెక్కల కష్టంమీద బ్రతికే జనం. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు చిత్రకారులను రప్పించి ఆ ఇండ్ల గోడలమీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. అదివరకు ఎవరికీ పట్టని పేటకు కళావాడ అన్న ఖ్యాతి వచ్చినది. వెలిసిన గోడలు వెలుగు చూడడం మంచిదే. పేదవాని కన్ను మాత్రం అందాన్ని కోరదా?

అయితే అందానికి వెల ఉన్నది. బొమ్మ పేటకు పేరు తెస్తుంది. పేరు కొనుగోలుదారులను తెస్తుంది. వారితో నేల ధర, దానితో అద్దె పెరుగుతుంది. పెరిగిన ధర ఇంటి యజమానికి లాభం. అద్దెకున్నవానికి అది మూట కట్టుకొమ్మన్న కబురు. మక్తాలో ఇట్లా జరిగినదని అనడం లేదు. లోకంలో పలుచోట్ల జరిగిన వరుస ఇది.

బెర్లిన్ నగరంలోని క్రాయిట్స్‌బెర్గ్ పేటలో బ్లూ అనే చిత్రకారుడు 2007, 2008 సంవత్సరాలలో రెండు మహాచిత్రాలు వేశాడు. వాటివల్ల ఆ చోటికి గిరాకీ పెరిగినది. ఆ చిత్రాలను చూపి ఎదుటి నేలకు వెల కట్టడం సహించక, 2014 డిసెంబరులో ఆయన సమ్మతితోనే వాటిపై నల్లరంగు పూసివేశారు. తన బిడ్డను తానే దాచుకొన్నట్లయినది.

న్యూయార్కులో ఫైవ్ పాయింట్స్ అనే భవనంపై బొమ్మలకు 2013లో యజమాని రాత్రికి రాత్రి సున్నం కొట్టించాడు. మరుసటి ఏట దానిని కూల్చి మేడలు లేపారు. 2018లో న్యాయస్థానం 21 మంది చిత్రకారులకు సుమారు 67 లక్షల డాలర్ల పరిహారం విధించినది. బొమ్మ వేసినవానికి చట్టం అండగా నిలిచినది. పేట మారి, అద్దె భరించలేక తరలిపోయే ఇరుగుపొరుగుకు అట్టి చట్టమేదీ లేదు.

ఇది మహానగరాల ముచ్చట మాత్రమే కాదు. మా నెల్లూరు సీమలో మైపాడు ఉన్నది. సముద్రస్నానాలకు, షికారుకు వచ్చేవారికి అది విహారస్థలం. మత్స్యకారులకు పడవ నిలుపుకొనే రేవు, వల ఆరవేసే ఇసుక, చేపలు ఎండబెట్టే కళ్ళం. 2019 నాటి తీర నియంత్రణ ప్రకటన జనసాంద్రత హెచ్చుగా గల గ్రామీణ తీరాలలో నిర్మాణ నిషిద్ధ మేరను 200 మీటర్లనుండి 50 మీటర్లకు తగ్గించినది. విడిదులు అలలకు చేరువయ్యేకొద్దీ పడవకు చోటు ఇరుకవుతుంది. ఇక గోడలమీద జాలరి బొమ్మ వెలసి, ఇసుకమీద జాలరి కానరాని దినం వస్తే, ఆ చిత్రం ఎవరికోసం?

కుంచెకు ఎవరూ అడ్డు చెప్పనక్కరలేదు. కాని రంగు కలుపకముందే అడగవలసినవి కొన్ని ఉన్నవి: ఆ వీధివారు ఒప్పుకొన్నారా? వారి ఇంటికి పట్టా, అద్దెకు హామీ ఉన్నవా? వల ఆరవేసే చోటు వారిదిగానే మిగులుతుందా? వీటికి సమాధానం దొరికిన తరువాత ఏ బొమ్మ వేసినా అందంగానే ఉంటుంది.