కీలు కోశాక గొళ్ళెం కాపాడదు

తూత్తుకుడి రేవు నుంచి మదురైకి దాదాపు 140 కిలోమీటర్లు. తిరుప్పూరు బనియన్లు రేవుకు వెళ్ళేదీ, జీడిగింజలూ కలప దుంగలూ రేవులో దిగేదీ ఎక్కువగా కంటైనర్లలోనే. ఓడ ఎక్కే వయసు దాటిన పెట్టెల్ని గోదాములుగా, సైటు ఆఫీసులుగా, దుకాణాలుగా మార్చుకోవడం ఇప్పుడు మామూలైంది. కానీ బస్టాండూ పూలమార్కెట్టూ కూరగాయల మార్కెట్టూ దగ్గరదగ్గరగా ఉన్న మదురై మాట్టుతావణి లాంటి ఇరుకు చోట పెట్టెను దుకాణం చేయాలంటే మొదట అడ్డొచ్చేవి తలుపులే. ఒక్కో రెక్క బయటికి తెరుచుకోవడానికి మీటరుకు పైగా జాగా కావాలి. అందుకే వాటిని తీసేసి షట్టరు పెట్టించుకుంటారు.

ఆ తీసే పని దగ్గరే ఒక ప్రమాదకరమైన మాట చెలామణిలో ఉంది. “గొళ్ళేలు వేసే ఉంచి కీళ్ళు కోసెయ్యన్నా, తలుపు ఎక్కడికీ పోదు. తర్వాత ఇద్దరం పట్టుకుని దించేద్దాం.” వినడానికి సబబుగానే ఉంటుంది. కీళ్ళు కోసినంతసేపూ తలుపు నిజంగానే కదలదు కూడా. మనిషిని మోసం చేసేది ఆ కదలకపోవడమే.

రెక్కకు మామూలుగా రెండు నిలువు రాడ్లు ఉంటాయి. వాటి పైకొసనా కిందికొసనా ఉన్న కొక్కేలు ద్వారబంధంలోని పట్లలో దూరి బిగుసుకుంటాయి. కీళ్ళు పోయాక తలుపు మొత్తం ఆ కొక్కేల మీదే నిలబడుతుంది. ఇక దించాలంటే రాడ్డు పిడి తిప్పక తప్పదు. పిడి తిప్పితే కొక్కెం పట్టు వదిలి ఊరుకోదు, తలుపును బయటికి నెడుతుంది. రబ్బరు బీడింగు అతుక్కుపోయినా తలుపు ఊడిరావడానికి దాన్ని అలాగే తయారుచేశారు. అంటే వెనక ఏ ఆధారమూ లేని రెక్కను యంత్రమే ముందుకు తోస్తుంది. పిడి తిప్పే మనిషి నిలబడేది సరిగ్గా అది పడే చోటే.

బరువు సంగతీ చూడాలి. రెక్క ఎత్తు రెండు మీటర్లకు పైనే, బరువు వంద కిలోలకు పైనే. రాడ్లూ కీళ్ళూ కలిసిన ఉక్కు పలక అది, రేకు కాదు. ఇద్దరు కలిసి నేల మీద నుంచి వంద కిలోలు ఎత్తగలరేమో గాని, నిలువెత్తు నుంచి ఒరిగివస్తున్న వంద కిలోలను ఆపలేరు. పట్టు దొరికే అంచు ఉండదు, వెనక్కి జరిగే సమయం ఉండదు. పైగా పడుతున్న వస్తువును చూస్తే చేతులు అడ్డుపెట్టడం మనిషి సహజగుణం. ఆ గుణాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టడం నేరం. తలుపు పట్టుకోమని పక్కన నిలబెట్టేది ఎప్పుడూ పనికి కొత్తగా చేరిన కుర్రాణ్ణే కాబట్టి అది ఇంకా పెద్ద నేరం.

మన వర్క్‌షాపులకు గ్రైండరు పట్టడం ఒకరు నేర్పనక్కర్లేదు. గుర్తుచేయాల్సింది ఒక్కటే: కోత కంటే ముందు ఆధారం.

పెట్టె ఖాళీగా, చదును నేల మీద ఉండాలి. కీళ్ళు ఇంకా గట్టిగా ఉండగానే రెక్కను తెరవాలి. ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములను దాని అడుగంచు కిందికి చెక్కలు వేసి ఆనించి, పై భాగాన్ని బెల్టుతో బండికి బిగించాలి. బరువు బండి మీదికి వచ్చాకే గ్రైండరు ఆన్ చేయాలి. ముందు కింది కీళ్ళు, చివరికి పై కీలు. పై కీలు ముందు తెగితే రెక్క తల వాల్చేస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ లేకపోతే హైడ్రా క్రేనో, గట్టి స్టాండుకు కట్టిన చైన్ పుల్లీయో కావాలి. గొలుసును గొళ్ళెం రాడ్డుకు తగిలించకూడదు. దాన్ని పట్టి ఉంచే బిగింపులు తలుపును వేలాడదీయడానికి చేసినవి కావు. తలుపు పడగలిగేంత దూరంలో, బండి నడిపేవాడూ కోసేవాడూ తప్ప మరో మనిషి ఉండకూడదు.

డీజిల్ పోసి సుత్తితో కొడితే కీలు పిన్ను ఊడివస్తుందన్నది వట్టిమాట. సీలు చెడకుండా, ఆనవాలు మిగలకుండా తలుపు ఊడదీసే వీలు ఉండకూడదనే పిన్నును రాకుండా బిగించేస్తారు. గ్యాస్ కట్టింగు త్వరగా అవుతుందన్నది నిజమే, కానీ బీడింగు రబ్బరూ పాత పెయింటూ లోపలి ప్లైవుడ్ నేలా అంటుకునేదీ ఆ మంటకే. కాబట్టి బీడింగు ముందే పీకేయాలి, నీళ్ళ బకెట్టు దగ్గరుండాలి. వాసన రాకపోతే లోపల విషవాయువు లేనట్టే అనుకోవడం మరీ అన్యాయం. సరుకులో పురుగు చావడానికి వాడే మిథైల్ బ్రోమైడ్‌కు వాసన దాదాపు ఉండదు. సరుకు ఇటీవలే దిగిన పెట్టె అయితే తలుపులు బార్లా తెరిచి, గాలాడనిచ్చాకే లోపల కాలు పెట్టాలి.

తలుపు తీస్తే పెట్టే కూలిపోతుందని భయపడేవారూ ఉన్నారు. వాళ్ళ మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. పైబరువు మోసేవి నాలుగు మూల స్తంభాలు. ప్రమాణ పరీక్షలో ఒక్కో స్తంభం మీద పదుల టన్నుల బరువుకు సమానమైన ఒత్తిడి పెడతారు. కాబట్టి నేల మీద ఒంటరిగా ఉండే దుకాణం తలుపుల్లేక కూలదు. కానీ పక్కకు ఒరిగించే బలాన్ని తట్టుకోవడంలో మూసి ఉన్న తలుపులకు పెద్ద వాటా ఉంది. 1972 నాటి అంతర్జాతీయ కంటైనరు భద్రతా ఒప్పందం ఒక తలుపు తీసి వాడే పెట్టెకు వేరే పరిమితులను ప్లేటు మీద రాయమన్నది అందుకే. పెట్టె మీద పెట్టె పేర్చాలన్నా, క్రేనుతో ఇంకో చోటికి ఎత్తాలన్నా తలుపు తీయకముందే ఆ వైపు ఉక్కు చట్రం వెల్డింగు చేయించాలి. మార్చేసిన పెట్టెకు పాత భద్రతా ప్లేటు ఉంచకూడదని కూడా ఆ ఒప్పందమే చెబుతోంది.

అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి వేరే ఉంది. సరిగా మూసుకోవడం లేదన్న ఒక్క కారణంతో బాగున్న తలుపుల్ని కోసేస్తుంటారు. చాలాసార్లు తప్పు తలుపుది కాదు, నేలది. ఒక మూల కుంగితే చట్రం మెలితిరుగుతుంది, రెక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అలా మెలిపడిన పెట్టెలో కీలు కోస్తే బిగుసుకుని ఉన్న రెక్క ఒక్కసారిగా ఎగిరి రావచ్చు. నాలుగు మూలలకూ రసమట్టం పట్టి, కుంగిన మూలను జాకీతో ఎత్తి కింద ఇనుప పలక పెడితే తలుపు మళ్ళీ మామూలుగా మూసుకుంటుంది.

పెట్టె కొన్నవారు కోత కూలి బేరమాడేటప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ అద్దెను కూడా అందులో కలిపే మాట్లాడాలి. ఆ ఖర్చు మిగుల్చుదామని మేస్త్రీ అంటే పని ఆపించాలి. తలుపు కింద నిలబడే కుర్రాడి తరఫున మాట్లాడగలిగేది ఆ సమయంలో పెట్టె యజమాని ఒక్కడే.