తలుపు బందు తిప్పి చూద్దాం: ఇన్వెంటర్‌లో డ్రైవ్

బందు రెండు రెక్కలు, పిన్ను, ఫ్రేము, తలుపు అన్నీ పార్టులుగా గీసేశాం కదా. ఇవాళ వాటిని అసెంబ్లీలో కలిపి, తలుపు నిజంగా తెరుచుకుంటుందో లేదో చూద్దాం.

ముందు ఫ్రేముని గ్రౌండ్ చేయండి, ఒక రెక్కని దానికి బిగించండి. రెండో రెక్కకి నేనైతే ఇన్సర్ట్ కన్‌స్ట్రెయింటే వాడతాను. విడి వస్తువుకి ఆరు కదలికలుంటాయి: మూడు జరగడం, మూడు తిరగడం. రెండు గుండ్రటి అంచులు పట్టుకుని ఇన్సర్ట్ ఇస్తే ఐదు పోతాయి, తిరగడం ఒక్కటే మిగులుతుంది. బందు అంటే అదేగా! పిన్ను తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి.

తర్వాత తలుపుని రెండో రెక్కకి బిగించి, తలుపు ముఖానికీ ఫ్రేము ముఖానికీ యాంగిల్ ఇవ్వండి. ఇక్కడ ఎక్స్‌ప్లిసిట్ రిఫరెన్స్ వెక్టర్ ఎంచుకుని, మూడో క్లిక్కు పిన్ను అక్షం మీద పెట్టండి. లేకపోతే తలుపు ఒక్కోసారి ఉన్నట్టుండి అవతలి వైపుకి తిరగబడుతుంది.

ఇప్పుడు బ్రౌజర్‌లో ఆ యాంగిల్ మీద రైట్ క్లిక్, డ్రైవ్. స్టార్ట్ 0, ఎండ్ 90. కింది భాగం తెరిచి కొలిజన్ డిటెక్షన్ టిక్ పెట్టండి.

అసలు సంగతి ఇంక్రిమెంట్‌లో ఉంది. మన తలుపు వెడల్పు 600 మి.మీ., మందం 30. పిన్ను అక్షం తెరిచే వైపు మూల మీదే ఉంది. గొళ్ళెం వైపు సందు 0.5 మి.మీ. ఇచ్చామనుకోండి. వెనక మూల పిన్ను నుంచి 600 కాదు, 600.75 మి.మీ. దూరంలో ఉంటుంది. పైథాగరసే, వేరే ఏం లేదు. అంటే సుమారు 1.2 డిగ్రీల దగ్గరే ఫ్రేముకి తగులుతుంది. కానీ 5 డిగ్రీల చొప్పున తిప్పితే? 0 దగ్గర తగల్లేదు, 5 దగ్గరికి వచ్చేసరికి మూల ఫ్రేము దాటి బయటికి వచ్చేసింది. స్క్రీన్ మీద తలుపు హాయిగా తెరుచుకుంటుంది, సైట్‌లో మాత్రం కదలదు! అందుకే మొదటి 5 డిగ్రీలు 0.1 చొప్పున నడపండి, ఆ తర్వాత పెద్ద అడుగులు వేసినా పర్లేదు.

వడ్రంగులు గొళ్ళెం వైపు అంచుని లోపలికి కాస్త ఏటవాలుగా చిత్రిక పట్టేది ఇందుకే. మనం సందు 2 మి.మీ. చేసి మళ్ళీ నడుపుదాం... చూశారా, 90 దాకా వచ్చేసింది.